వీపు తడవని ఎండ

గత వైశాఖంలో మూడో గురువారం, పొద్దున్న పది గంటల పదిహేను నిమిషాలకి ఇది మొదలైంది. గడియారం చూశాను కాబట్టే రాస్తున్నాను. మా చెల్లెలి కూతురు లక్ష్మి విజయనగరం నుంచి నెల్లిమర్లలో మా ఇంటికి ఆటోలో వచ్చింది. వెనకాలే దాని కూతురు హారిక. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి లక్ష్మి అంది: "పెద్దమ్మా, దీనికి నువ్వే సెప్పు. ఆ ఎడారి ఎండకి నీకేటయ్యిందో నీ నోటితోనే సెప్పు. నా మాట ఇనడం నేదు."

సంగతి ఇది. హారిక ఇంజనీరింగ్ చదివింది. బికనీరు దగ్గర సోలార్ పలకలు పరిచే చోట ఉద్యోగం వచ్చింది. శనివారం సాయంత్రం అయిదు లోపల వస్తానో రానో చెప్పాలి. తల్లి వద్దంటోంది. జీతం తక్కువని కాదు, దూరమనీ కాదు, ఎండకి భయపడి. ఫోన్ తీసి నా కళ్ళ ముందు పెట్టింది. బికనీరులో నలభై అయిదు, విజయనగరంలో ముప్పై ఏడు. "ఎనిమిది డిగ్రీలు ఎక్కువ పెద్దమ్మా. ఇక్కడి ఎండకే సచ్చిపోతన్నాం" అంది. కూడికలూ తీసివేతలూ మా ఇంట్లో అందరికీ వచ్చు. దేంట్లోంచి దేన్ని తీసివెయ్యాలో తెలిసినవాళ్ళే తక్కువ.

నాకిప్పుడు డెబ్బై ఆరేళ్ళు. లక్ష్మి చెప్పమంటున్నది నా ఇరవయ్యో ఏట జరిగిన సంగతి. యాభై ఆరేళ్ళుగా ఈ కథని మా వాళ్ళందరూ చెప్పుకుంటున్నారు. పెళ్ళిళ్ళలో చెప్పుకున్నారు, చావుల దగ్గర చెప్పుకున్నారు. నన్ను చెప్పమని ఎవరూ అడగలేదు. లక్ష్మే మొదటిసారి అడిగింది, అదీ నేను ఏం చెబుతానో తనకి ముందే తెలుసనుకుని.

మా నాన్న నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేసేవాడు. కనుబొమల మీద నార నుసి, ఒంటి మీద నారకి పట్టించే నూనె వాసన వేసుకుని ఇంటికి వచ్చేవాడు. ఆ వాసన స్నానంతో పోయేది కాదు, అన్నం కలిపి పెడితే ముద్దలో కూడా ఉండేది. ఆయన పని నార వడికే షెడ్డులో గాలిని చూసుకోవడం. గోడకి ఒక చెక్కపలక, దాని మీద రెండు గాజు గొట్టాల ధర్మామీటర్లు. ఒకటి పొడిది. రెండోదాని కింది బుడ్డికి తడిగుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసని చిన్న గిన్నెలోని నీళ్ళలో ముంచి ఉంచేవారు. రెండు గంటలకోసారి రెండు అంకెలూ రాయాలి, గిన్నెలో నీళ్ళు తగ్గితే పొయ్యాలి. రెండు అంకెలకీ దూరం పెరిగిందంటే గాలి ఎండిపోయిందని అర్థం, నార పుటుక్కున తెగుతుంది, అప్పుడు షెడ్డులో నీళ్ళు చల్లించాలి. ఒకసారి ఆ చెక్కపలక విరిగిపోతే మిల్లువాళ్ళు కొత్తది పెట్టారు. విరగని గొట్టాలు రెండూ నాన్న అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. వేరే ఆడపిల్లలు గవ్వలాడే వయసులో నేను వాటిని చూసి అంకెలు రాసేదాన్ని. నాన్న అనేవాడు: "పొడి గొట్టం గాలి ఎంత కాలతందో సెప్తాది. తడి గొట్టం నీ ఒళ్ళు ఎంతవరకూ సల్లబడగలదో సెప్తాది. మనం బతికేది ఒంటితోనమ్మా."

పద్దెనిమిదో ఏట గజపతినగరం దగ్గర పల్లెలో ఒక రైతు ఇంటికి కోడలిగా వెళ్ళాను. మా ఆయన పేరు సింహాచలం. సిపాయి, బికనీరులో ఉండేవాడు. అత్తగారు అప్పలనరసమ్మ, మామగారు, నేను, పొలం పనికి వచ్చే నలుగురు మనుషులు. సజ్జల్ని మేం గంటెలంటాం, రాగుల్ని చోళ్ళంటాం. అవీ, నువ్వులూ పండించే మెట్ట నేల. మధ్యాహ్నానికి అత్త నల్ల కుండలో చోడి అంబలి తెచ్చి గట్టు మీద దించేది. ఆ పులుపు వాసన, ఉల్లిపాయ చితక్కొట్టిన వాసన, మనుషుల చెమట వాసన కలిసి వచ్చేవి. ఎవరికి ఎంత పొయ్యాలో అత్త ఎవర్నీ అడిగేది కాదు. "తిరుగు" అనేది. అందరం ఆవిడకి వీపులు చూపించి నిలబడేవాళ్ళం. భుజాల దాకా తడిసిన వీపుకి ఒక ముంత. నడుం దాకా తడిస్తే రెండు. వీపు పొడిగా ఉంటే "నీడన తొంగున్నావేటే?" అనేది, వాళ్ళ వంతు అందరి తర్వాతే. కొత్త కోడల్ని, మొదటి రోజు పరాయి మగాళ్ళ వరసలో నిలబడి వీపు చూపించడానికి సిగ్గుతో చచ్చిపోయాను. నెల తిరిగేసరికి నేనే ముందు తిరిగేదాన్ని. ఆవిడ పద్ధతిని నేను తప్పు పట్టను. ఆ గాలిలో అది సరైన కొలత. ఒంట్లోంచి ఎంత పోయిందో రవిక మీద కనిపిస్తుంది, ఆవిడ అంతే మళ్ళీ లోపల పోస్తుంది. నేను ఉన్నన్నాళ్ళూ ఆ పొలంలో ఒక్క మనిషీ కూలబడలేదు.

పెళ్ళయి పదమూడు నెలలయ్యేసరికి మేమిద్దరం కలిసి ఉన్నది ముప్పై నాలుగు రోజులు, రెండు సెలవులూ కలిపి. రెండో సెలవులో ఆయన వాకిట్లో కూర్చుని చెప్పాడు, వానలు వెళ్ళాక క్వార్టర్ ఇస్తారనీ, భార్యని తెచ్చుకునేదీ లేనిదీ ఆషాఢం లోపల చెప్పాలనీ. ఇప్పుడు వద్దంటే మళ్ళీ వంతు వచ్చేసరికి మూడేళ్ళు.

అత్త చేట కింద పడేసింది. "ఒలమ్మో, ఆ ఇసకలోకా? మనిషి మాడి మసైపోద్ది. ఆడంటే మగోడు, పటాలం తిండి తింతన్నాడు. నువ్వెల్లి ఏటి సేస్తావే?"

"కాపురం చేస్తాను అత్తా."

"నోరు సూడు దీనికి!"

నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్న రెండు గొట్టాల్లో పొడిదాన్ని ఆయన వెళ్తూ వెళ్తూ పెట్టెలో బట్టల మధ్య పెట్టుకున్నాడు. తడి గొట్టం నా దగ్గర ఉండిపోయింది. ఒక్క గొట్టంతో రెండు అంకెలూ తీసుకోవచ్చు, ముందు ఊరికే చూసి, తర్వాత తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసిరి మళ్ళీ చూస్తే చాలు. రోజూ మధ్యాహ్నం రెండున్నరకి, నీడలో, ఆయన అక్కడ, నేను ఇక్కడ. నలభై ఒక్క రోజులు చూశాం. అందులో మూడు రోజులు ఆయనకి డ్యూటీ పడి రాయలేదు, అవి నేనూ కొట్టేశాను. ఉత్తరాల్లో ఇంకేం రాశాడని మా చెల్లెలు అడిగేది. అంకెలే. చివర్లో "నువ్వు రావాలి" అని ఒక ముక్క. ముప్పై ఎనిమిది రోజుల సగటు తీశాను. అప్పటి గొట్టాలు ఫారెన్‌హీట్‌వి, పిల్లల కోసం ఇప్పటి లెక్కలోకి మార్చి రాస్తున్నాను. పొడి అంకె అక్కడ నలభై మూడున్నర, ఇక్కడ ముప్పై ఆరు. తడి అంకె అక్కడ ఇరవై ఒకటి, ఇక్కడ ఇరవై తొమ్మిది. ఒళ్ళు చల్లబడే లెక్కలో మా పల్లెకంటే ఎడారే ఎనిమిది డిగ్రీలు నయం. కాగితం తీసుకెళ్ళి అత్త ముందు పెట్టాను. ఆవిడకి చదువు రాదు, అంకెలు వచ్చు.

"నలభై మూడు పెద్దదా, ముప్పయ్యారు పెద్దదా? లెక్కలొచ్చినదానివి, నువ్వే సెప్పు."

"నలభై మూడే."

"మరింకేటి? ఎల్లి పేడ తియ్యి."

గోడ పక్కన గోగునార తాడు పేనుతున్న మామ తలెత్తకుండానే అన్నాడు: "ఒసే, ఇరవయ్యొకటని ఇంకోటి కూడా సెప్తంది గదే, ఇను."

"తడిగుడ్డ సుట్టితే ఏదన్నా సల్లబడతాది. ఇదేటి, రోజంతా తడిగుడ్డ సుట్టుకుని తిరుగుతాదా?"

"మన ఒంటికి చెమటే తడిగుడ్డ అత్తా" అన్నాను.

ఆవిడ చేట లాక్కుని చెరగడం మొదలుపెట్టింది. ఆ మాట అన్నందుకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు నన్ను నేను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ గుడ్డ కొస ముంచిన గిన్నెలో నీళ్ళు ఎవరు పోస్తారు? మిల్లులో మా నాన్న జీతం తీసుకుని చేసిన పని సగం అదే. నాకు తట్టలేదు.

"ఎల్లనీయే. ఎండ తగిలితే దానికి తగులుతాది, నీకేటి?" అన్నాడు మామ. అలా వెళ్ళాను.

వెళ్ళింది ఆశ్వయుజంలో కాబట్టి మొదటి ఆరు నెలలూ ఎండ అన్నది లేదు. చైత్రం దాటాక వచ్చింది. మా ఇంట్లో ఉప్పు జాడీలో నీరు కారేది, అక్కడ ఉప్పు ఇసకలా జారేది. అగ్గిపుల్ల మొదటి గీతకే వెలిగేది. తడిపిన చీర ఒక కొసన ఆరవేస్తూ రెండో కొసకి వచ్చేసరికి మొదటి కొస ఎండిపోయేది. కుండలో నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి. మా వైపు మే నెలలో ఒళ్ళంతా జిడ్డు, చీర కాళ్ళకి చుట్టుకోవడం, నిద్రలో జుట్టు మెడకి అంటుకోవడం. రామతీర్థం కొండ సగం ఎక్కేసరికి కళ్ళలోకి చెమట కారి మెట్లు కనిపించేవి కావు. ఇక్కడ అవేమీ లేవు. పెదవులు పగిలేవి, ఒకటి రెండు సార్లు ముక్కులోంచి రక్తం వచ్చింది, అంతే. నేను గెలిచాననుకున్నాను. ఇక్కడ చెమటే పట్టదని అత్తకి వినిపించమని మామకి కార్డు రాశాను. ఒకటి కాదు, నాలుగు కార్డులు.

పొద్దున్న పని ముగిశాక అలవాటుగా చెయ్యి వెనక్కి పెట్టి రవిక తడిమి చూసుకునేదాన్ని. పొడిగా ఉండేది. అత్త లెక్కలో పొడి వీపుది ఆఖరి వంతు. ఎవరూ నన్ను ఆపలేదు, కుండ నిండా నీళ్ళు ఉన్నాయి, ముంచుకుంటే అయిపోయేది. కాని ఒళ్ళు అడగలేదు, అడిగినా నాకు తెలియలేదు. మెట్ట పొలంలో నేర్చుకున్న కొలతని ఇసక మీదకి పట్టుకెళ్ళాను. బండెడు లెక్కలు వేసిన దాన్ని ఈ ఒక్క లెక్క తిరగేసి చూసుకోలేదు.

జ్యేష్ఠంలో ఒక బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకి, పొయ్యి దగ్గర కూలబడిపోయాను. అప్పటికి నాకు కడుపు, అయిదో నెల. ఆస్పత్రిలో డాక్టరు హిందీలో అడిగాడు, మా ఆయన తెలుగులో చెప్పాడు: "రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతున్నావంటున్నాడు." నా పుస్తకంలో రోజువారీ పొడి అంకె ఉంది, తడి అంకె ఉంది, పాలు పోసిన తారీకులున్నాయి, చాకలికి వేసిన బట్టలున్నాయి. తాగిన నీళ్ళు లేవు. చెప్పలేకపోయాను. మర్నాడు తెల్లవారేలోగా బిడ్డ పోయింది. ఆడపిల్ల. నీళ్ళు తక్కువై పోయిందా, వేరే కారణమా, గట్టిగా చెప్పలేనన్నాడు డాక్టరు. ఆయన చెప్పలేనన్నాడని కూడా నేను రాయాలి. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పినవాళ్ళెవరూ ఆ ముక్క చెప్పలేదు.

ఇంటికి వచ్చిన మూడో రోజున, పాలు పోసే ఆవిడ చెంబు పక్కన పెట్టి నా మంచం అంచున కూర్చుంది. ముసుగులోంచి కళ్ళు మాత్రమే కనిపించేవి. చెమటే పట్టలేదే, ఎండ నన్నేం చేసిందని వచ్చీరాని హిందీలో అడిగాను. పట్టలేదని ఎవరన్నారు, పట్టింది, నీ కంట పడకముందే గాలి తాగేసింది అని చెప్పింది. ఇక్కడ దాహాన్ని నమ్మకూడదంది, పొద్దుని చూసి తాగాలంది. మర్నాడు మజ్జిగలో సజ్జపిండి కాచి తెచ్చింది. నోట్లో పెట్టుకుంటే మా గంటి అంబలే. ఆ రోజు ఏడ్చాను. అంతకుముందు ఏడవలేదు.

పదిహేను రోజులకి మామ చేతిరాతతో అత్త మాట వచ్చింది. "నాను ముందే సెప్పినాను. వచ్చెయ్యి." మా ఆయన టిక్కెట్టు తీస్తానన్నాడు. కార్డు మీద జవాబు రాశాను: "రాను. తప్పు ఎండది కాదు, నీళ్ళది. నీళ్ళ తప్పు నాది." వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గియ్యడం మొదలుపెట్టాను. ముంతకి ఒక గీత, రోజుకి పన్నెండు. పన్నెండో గీత పడకుండా మంచం ఎక్కలేదు. క్వార్టర్ వదిలేటప్పుడు ఆ గోడకి సున్నం వేయించమన్నారు, వేయించాను. ఆ తర్వాత ఏడు వేసవులు అక్కడే ఉన్నాను. ఇద్దరు పిల్లల్ని అక్కడే కన్నాను, అందులో రెండోది జ్యేష్ఠంలోనే పుట్టింది. ఇద్దరూ నాకంటే గట్టిగా ఉన్నారు.

మేము తిరిగి వచ్చేసరికి ఇక్కడ నా కథ వేరేగా తయారై ఉంది. ఏడు వేసవులూ ఇద్దరు పిల్లలూ అందులో లేరు. "పైడమ్మని ఎడారి ఎండ తినేసింది" అన్న ఒక్క ముక్క మిగిలింది. నేను ఎదురుగా నడుచుకుంటూ వెళ్తుంటే నన్ను చూపించి మరీ అనేవారు. మా ఆడపడుచు కూతురికి జైసల్మేరులో పనిచేసే సిపాయితో పెళ్ళయింది, ఆ పిల్లని తొమ్మిదేళ్ళు అత్తింట్లోనే ఉంచేశారు. అవతలి వీధి పిల్లకి జైపూరులో టీచరు ఉద్యోగం వస్తే వద్దనిపించారు. రెండింట్లోనూ నా పేరే చెప్పారట. నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. మూడోది మాత్రం నా కళ్ళ ముందే జరిగింది. ముప్పై ఏళ్ళ కిందట లక్ష్మికి జోధ్‌పూరులో నర్సు శిక్షణకి సీటు వచ్చింది. మా చెల్లెలు వాళ్ళింట్లో ముందు గదిలో అందరూ కూర్చున్నారు. "అక్కకేటయ్యిందో తెల్దేటి?" అంటోంది మా చెల్లెలు. నేను వెనక గదిలో అప్పడాలు ఒత్తుతున్నాను. ప్రతి మాటా వినిపించింది. లేచి వెళ్ళి, నాకేమైందో నేను చెబుతానని అనలేదు. బిడ్డ పోయిన సంగతి నలుగురిలో నా నోటితో చెప్పుకోవాలంటే అప్పటికీ గొంతు రాలేదు. నూట పది అప్పడాలు ఒత్తాను. లక్ష్మి జోధ్‌పూరు వెళ్ళలేదు.

ఇదంతా ఆ గురువారం తల్లీకూతుళ్ళకి చెప్పాను, ఒక్క అంకె దాచుకోకుండా. ఇంకోటి కూడా చెప్పాను. ఎండ అంటే అక్కడిదేనని ఫోన్ చూసి నమ్మేస్తున్నారు. పెంకుటిళ్ళు పోయి శ్లాబులు వచ్చాక మా వంటింట్లో తడి అంకె ముప్పై దాటిన రోజులు చూశాను, నాన్న కాలంలో అంత అంకె నేనెప్పుడూ రాయలేదు. కిందటేడు మా వీధిలో ఇస్త్రీ బండి ఆయన మిట్టమధ్యాహ్నం కూలిపోయాడు. ఆ రోజు ఫోన్‌లో ముప్పై ఎనిమిదే. నలభై దాటలేదు కాబట్టి ఎవరూ ఎండ దెబ్బ అనలేదు, గుండె అన్నారు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నా చల్లబడని ఎండ ఇక్కడిది. చల్లబరుస్తూనే ఒంట్లో నీళ్ళన్నీ తోడేసే ఎండ అక్కడిది. ఇక్కడ బతకడానికి గాలి కావాలి, నీడ కావాలి. అక్కడ గడియారం కావాలి. ఏది గొప్పదని అడిగితే నేను చెప్పను. రెండూ చంపగలవు, రెండింటిలోనూ ఆడవాళ్ళు బతికారు.

హారిక ఫోన్‌లో ఏదో రాసుకుంటోంది. "అమ్మమ్మా, పన్నెండు ముంతలంటే ఎన్ని లీటర్లు?"

"ఆరు. నువ్వు బయట ఎండలో పని చేస్తే ఇంకా ఎక్కువ. ఉప్పు కూడా పోతుంది, అక్కడ డాక్టర్ని అడిగి రాసుకో."

లక్ష్మి కొంగు కొస వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది: "ఆ రోజు నువ్వు ఎనకాల గదిలోనే ఉన్నావా పెద్దమ్మా?"

"ఉన్నాను."

"ఇయ్యన్నీ అప్పుడూ తెలుసు గదా నీకు."

"తెలుసు."

"మరి నన్నెందుకు ఆపనిచ్చినావు?"

గొంతు రాలేదన్నది కారణమే, జవాబు కాదు. ఆ మాటే అన్నాను. లక్ష్మి లేచి వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసుల చప్పుడు వినిపించింది. చాలాసేపటికి బయటకి వచ్చి, కళ్ళు తుడుచుకోకుండానే కూతురితో అంది: "శనివారం దాకా ఎందుకే? ఇప్పుడే సెప్పెయ్ వస్తానని." హారిక చెప్పేసింది. పన్నెండు గంటల అయిదు నిమిషాలు. మా వాళ్ళు కొందరు నన్ను తిడుతున్నారట, పిల్లని ఎండలోకి తోసిందని. తిట్టనివ్వండి. ఈసారి నా కథ చెప్పదలుచుకున్నవాళ్ళు ఈ కాగితాలు పక్కన పెట్టుకుని చెప్పాలి, ముక్క తగ్గకుండా.

పోయినవాటి లెక్క ఇది. బిడ్డ ఒకటి, అయిదో నెల, ఆడపిల్ల. అందులో ఎండ పేరున సగమే రాస్తాను, మిగతా సగం నాది. మా ఆడపడుచు కూతురు మొగుడికి దూరంగా గడిపిన ఏళ్ళు తొమ్మిది. అవతలి వీధి పిల్ల చెయ్యని ఉద్యోగం ఒకటి. లక్ష్మి చదవని నర్సు చదువు మూడేళ్ళు, చెయ్యని పని ఇరవై ఏడేళ్ళు. ఈ చివరి మూడింట్లో ఎండ పేరున రాయవలసింది ఏమీ లేదు.